ఎర్రగడ్డల పోటీ: ఒక గుమాస్తా ఆలస్యంగా నేర్చుకున్న లెక్క

(ఈ ఏటి పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "ఈసారి మీరు మాట్లాడాలి, డి.ఏ. బకాయిలు తప్ప ఏదైనా ఫరవాలేదు" అన్నారు. అయితే ఎర్రగడ్డల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత "సరే, పదిహేను నిమిషాలు" అన్నారు. ఆయన ఆజ్ఞ మీరను.

మన ప్రాంతంలో ఉల్లిపాయ అంటే ఎవరికీ నోరు తిరగదు. మనకు అది ఎర్రగడ్డ. వెల్లుల్లి తెల్లగడ్డ. ఈ రెండింటి పేర్లు విని మా కోస్తా వియ్యపురాలు మొదట్లో ఏ గడ్డ అడుగుతున్నామో తెలియక తికమకపడేది. నేను కూడా ఈ పది నిమిషాలూ ఎర్రగడ్డ అనే అంటాను.

ముందు ఈ రోజు సంగతి ఒక్క మాట. డిసెంబరు 17ను మనం ఎందుకు జరుపుకుంటున్నామో మీకు నేను చెప్పనక్కరలేదు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. 1979 మార్చి 31 అని ఒక గీత గీసి, దానికి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తరువాతివారికి ఒక లెక్క అనడం న్యాయం కాదన్నది. ఒకే రకం మనుషులను పోల్చేటప్పుడు గీత ఎక్కడ గీస్తున్నామో, ఎందుకు గీస్తున్నామో చెప్పగలగాలి. నేను చెప్పబోయే ఎర్రగడ్డల కథలో కూడా తగాదా ఆ గీత గురించే.

నేను చిత్తూరులో ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో చాలా ఏళ్ళు గణాంకాల సెక్షనులో పనిచేశాను. పంట కోత ప్రయోగాల ఫారాలు నా బల్లమీదికే వచ్చేవి. తెలియని పిల్లల కోసం చెబుతాను. ఒక మండలంలో వరి ఎంత పండిందో, వేరుశనగ ఎంత పండిందో తెలుసుకోవాలంటే ప్రతి కయ్యనూ కోసి తూచలేం. అందుకని యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి సర్వే నంబరు ఎంపిక చేస్తారు. ఆ పొలానికి పోయి నైరుతి మూలన నిలబడి, మళ్ళీ పట్టికలో వచ్చిన అంకెల ప్రకారం ఇన్ని అడుగులు పొడవునా, ఇన్ని అడుగులు వెడల్పునా నడిచి, అక్కడ మేకు కొట్టి చదరం గీస్తారు. సాధారణంగా 5 మీటర్లకు 5 మీటర్లు. అందులో పండింది కోసి, నూర్చి, తూచి, రాస్తారు. ఏపుగా ఉన్న మూల చూసి చదరం గీయడం కుదరదు. రైతు ఏడ్చినా, ఆఫీసరు కసిరినా పట్టిక చెప్పినచోటే.

ఈ సూత్రం నాకు కంఠతా వచ్చు. ఎవరైనా ఫారంలో కక్కుర్తిపడితే పట్టుకునేవాణ్ణి. అలాంటి నేను, నా సొంత తమ్ముడి పొలం దగ్గర ఏం చేశానో వినండి.

మా నాయన మాకు వదిలిపెట్టింది మదనపల్లె వైపు ఒక చిన్న ఊళ్ళో మూడెకరాల చిల్లర మెట్ట, ఒక బావి. నాకు ఉద్యోగం వచ్చింది కాబట్టి సేద్యం తమ్ముడిదైంది. వాడు వేరుశనగ, రాగి, కొంచెం ఎర్రగడ్డ వేసేవాడు. ఆ గడ్డ మా అమ్మ కాలం నాటి విత్తనం. చిన్నది, గులాబి రంగుది, కొరికితే చెవుల్లోంచి పొగ వచ్చేంత ఘాటు. రాగి సంగటి ముద్దలో గుంట చేసి, ఊరిమిండి వేసుకుని, ఒక ఎర్రగడ్డ గుద్దుకుని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండేది కాదు.

1996లో ఆఫీసు పనిమీద కర్ణాటక సరిహద్దు దాటి పోవలసి వచ్చింది. రోడ్డు పక్కన ఒక మడిలో ఎర్రగడ్డలు పీకుతున్నారు. ఒక్కొక్కటి పిడికిలంత. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. బస్సు ఆగిన ఐదు నిమిషాల్లో దిగి రకం పేరు అడిగి కాగితం మీద రాసుకున్నాను. మరుసటి నెలలో ఆ విత్తనమే కొని తమ్ముడి ఇంటికి పట్టుకుపోయాను. "ఇంకా ఆ గోలీకాయలంత గడ్డలు వేసుకుంటే నువ్వెప్పుడు బాగుపడతావురా? ఎకరన్నరకూ ఇదే వెయ్" అన్నాను. వాడు నసిగాడు. "కొంచెం వేసి చూస్తాన్నా" అన్నాడు. "చదువుకున్నవాడు చెబితే వినవు కదా" అన్నాను. ఆ మాటతో వాడు నోరు మూసుకున్నాడు. ఎకరన్నరలోనూ అదే నాటాడు.

నేను చూసిన మడి చెరువు కింది మడి. మాది బావి నీటి మెట్ట. వాళ్ళు వేసింది వానాకాలం పంట. మేము వేసింది చలికాలం. వాళ్ళు మడికి ఎంత ఎరువు వేశారో నేను అడగలేదు. పక్కన పాత రకం వేసుంటే అదెట్లా వచ్చి ఉండేదో ఆలోచించలేదు. చలికి సగం మొక్కలు గడ్డ ఊరకుండా పూలకాడ తీశాయి. ఊరినవాటిలో చాలా జంట గడ్డలు. మెడ లావుగా ఉండి సరిగా ఆరలేదు. ధర లేదు కదా, నిలవ పెడదామని కొట్టంలో పోస్తే ఉగాది దాటకముందే వాసన కొట్టాయి. ఆ ఏడు తమ్ముడు ఎద్దుల జత అమ్ముకున్నాడు.

ఆ రకం పేరు మీకు చెప్పను. తప్పు ఆ రకానిది కాదు. దాని కాలంలో, దాని నేలలో అది మంచి గడ్డే. తప్పు నా పోలికది. వేరేవాళ్ళ పొలాలకు పట్టిక చూసి అంకెలు వేసినవాణ్ణి, తమ్ముడి పొలానికి బస్సు కిటికీలోంచి లెక్క వేశాను.

ఇంకో సంగతి నాకు చాలా ఏళ్ళ తరువాత తోచింది. ఆ ఏడు నా జీతం ఒక్క రూపాయి తగ్గలేదు. ఒకటో తారీఖున సంతకం పెట్టి తీసుకున్నాను. సలహా నాది, సంవత్సరం వాడిది.

తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. పండగకు వచ్చేవాడు, మా అమ్మాయి పెళ్ళిలో పందిరి పనంతా వాడే చూశాడు. కానీ నాతో "తిన్నావా అన్నా" దాటి ఇంకో మాట లేదు. సేద్యం సంగతి నా ముందు ఎత్తడం మానేశాడు. ఆ మౌనం పదిహేడేళ్ళు నడిచింది.

ఇక 2014కు వస్తాను. అప్పటికి నేను రిటైరై ఐదేళ్ళు. మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు. ఏప్రిల్ నెలలో మా ఆవిడా, నేనూ వెళ్ళాం. మా ఆవిడకు కడుపులో మంట. డాక్టరు పచ్చి ఎర్రగడ్డ ముట్టవద్దన్నారు. సంగటి తినే మనిషికి అది ఎంత శిక్షో మీకు తెలుసు. అబ్బాయి ఒకరోజు అంగడి నుంచి పసుప్పచ్చని, బల్లపరుపుగా ఉన్న పెద్ద గడ్డలు తెచ్చి, "అమ్మా, ఇది తిని చూడు" అని చక్రాలు కోసి ఇచ్చాడు. కోసేటప్పుడు కళ్ళు చెమర్చలేదు. ఆవిడ భయపడుతూ ఒక ముక్క కొరికింది. తరువాత చక్రమంతా తినేసింది. రాత్రి మంట రాలేదు.

వాటిని విడాలియా గడ్డలంటారు. జార్జియా రాష్ట్రంలో ఒక ఊరి పేరు అది. 1931లో అక్కడ టూంబ్స్ కౌంటీలో మోస్ కోల్‌మన్ అనే రైతు తాను పండించిన ఎర్రగడ్డలు ఘాటు లేకుండా ఉన్నాయని గమనించాడట. మొదట అమ్ముడుపోలేదు. రుచి చూసినవాళ్ళు మళ్ళీ వచ్చారు. 50 పౌనుల సంచి మూడున్నర డాలర్లకు అమ్మాడు. అమెరికాలో మహా ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజుల్లో అది చాలా పెద్ద ధర. 1986లో ఆ రాష్ట్రం చట్టం చేసి, ఫలానా 20 కౌంటీల పరిధిలో పండిన ఆ జాతి గడ్డనే ఆ పేరుతో అమ్మాలని నిర్ణయించింది. అక్కడి విశ్వవిద్యాలయంవారు రకాలన్నీ పక్కపక్కనే వేసి పోటీ పరీక్షలు పెడతారు. దిగుబడి, పూలకాడలు, జంటలు, నిలవ, ఘాటు అన్నీ విడివిడిగా రాస్తారు.

నాకు ఆశ్చర్యమనిపించిన సంగతి ఒకటుంది. తీపి ఎర్రగడ్డ అంటే అందులో చక్కెర ఎక్కువని కాదు. ఘాటు గడ్డలోనే చాలాసార్లు చక్కెర ఎక్కువ ఉంటుంది. ఘాటు దాన్ని కప్పేస్తుంది. ఘాటు తగ్గితే ఉన్న తీపి బయటపడుతుంది. ఆ ఘాటంతా గంధకం పని. మొక్క నేలలోని గంధకం పీల్చుకుని గడ్డలో దాచుకుంటుంది. కత్తి పడగానే కణాలు చితికి, ఒక ఎంజైము దానిమీద పనిచేసి, కంటిని మండించే వాయువు పుడుతుంది. ఆ చర్యలోనే పైరువిక్ ఆమ్లం కూడా తయారవుతుంది. ప్రయోగశాలలో దాన్ని కొలిచి ఘాటును అంకెలో చెబుతారు. సాధారణంగా గ్రాముకు 5 మైక్రోమోల్స్ లోపుంటే తీపి గడ్డ కింద లెక్క. విడాలియా ఇసుక నేలల్లో గంధకం చాలా తక్కువ. అందుకే ఆ చల్లదనం.

మా ఆవిడ అడిగింది: "ఇది మన కయ్యలో పండదా?"

ఆ ప్రశ్న నన్ను మళ్ళీ తమ్ముడి గడపకు చేర్చింది.

తిరిగి వచ్చాక తెలిసినవారిని అడిగాను. అమెరికాలో ఉత్తరాన వేసే రకాలు మన దగ్గర గడ్డే కట్టవని తెలిసింది. వాటికి 14 గంటలకు పైగా పగలుండాలి. తిరుపతిలో ఎంత నడి వేసవిలోనైనా పగలు 13 గంటలకు కాస్త తక్కువే. మనకు పొట్టి పగటి రకాలే దారి. పైగా మన చిత్తూరు నేలల సంగతి చూడండి. వేరుశనగకు ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమంటారు. జిప్సంలో గంధకముంది. సూపర్ ఫాస్ఫేట్‌లో నూటికి 11 పాళ్ళ గంధకముంది. వేరుశనగ తరువాత వేసిన ఎర్రగడ్డకు ఘాటు రాక ఏం చేస్తుంది?

మన దేశంలో రకాలకు కొదవ లేదు. బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రకాలున్నాయి. పుణె దగ్గర రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థవారి భీమా రకాలున్నాయి. నాసిక్‌వారి అగ్రిఫౌండ్ రకాలున్నాయి. వాటిలో అగ్రిఫౌండ్ రోజ్ ప్రత్యేకంగా మన కడప జిల్లా వానాకాలానికి సిఫారసు చేసినది. ఒకటి వానాకాలానికి, ఒకటి యాసంగికి, ఒకటి నిలవకు, ఒకటి పొడి చేసే కర్మాగారాలకు. "ఏది మంచిది?" అంటే ఎవరూ చెప్పలేరు. "దేనికి?" అని ఎదురు అడుగుతారు.

నాలుగు రకాల విత్తనాలు పట్టుకుని ఊరికి పోయాను. తమ్ముడు చూసి మొహం తిప్పుకున్నాడు. నేను పదిహేడేళ్ళు మింగిన మాట అప్పుడన్నాను. "రేయ్, ఆ రోజు తప్పు నాది. ఈసారి ఎకరన్నర అడగను. మూడు సెంట్లు ఇయ్యి. వాటిలో ఒకటి నీ గడ్డే. పండకపోతే మూడు సెంట్ల కౌలు నేను కడతా."

వాడు చాలాసేపు బావి వైపు చూశాడు. "కౌలెందుకులేన్నా. యాడ కావాల?" అన్నాడు.

ఇక ఆ మూడు సెంట్లలో మేం చేసింది మీకు వివరంగా చెబుతాను. ఇది నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనేచోట 1843 నుంచి పొలంలో ప్రయోగాలు నడుస్తున్నాయి. 1919లో అక్కడికి రొనాల్డ్ ఫిషర్ అనే గణితవేత్త వచ్చి, ఆ ప్రయోగాలకు ఒక పద్ధతి కట్టాడు. మన మహలనోబిస్‌గారు దాన్ని ఈ దేశంలో వ్యాపింపజేశారు. ఇప్పటికీ మన తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానంలో వేరుశనగ రకాలు పరీక్షించేది ఆ పునాది మీదే. 1970ల మధ్యలో శ్రీకాళహస్తి వైపు వేరుశనగ కాయల మీద నల్లమచ్చలు పడి, కాయలు గిడసబారిపోయాయి. కంటికి కనపడని నులిపురుగు దానికి కారణమని తేలింది. తెగులును తట్టుకునే రకం కావాలంటే తెగులున్న నేలలోనే రకాలు వేసి చూడాలి. అట్లా నిలబడినవే తిరుపతి-3, ఆ తరువాత 'కాళహస్తి' అనే పేరుతోనే వచ్చిన రకం. జబ్బు పేరే మందుకూ పెట్టారన్నమాట.

పద్ధతి మూడు మాటల్లో చెప్పవచ్చు. ఒకటి, ప్రతి రకం ఒక్కచోట కాదు, కనీసం మూడుచోట్ల వేయాలి. ఒక్క మడి బాగా వచ్చిందంటే అది రకం గొప్పా, ఆ మడి కింద పాత పెంటదిబ్బ గొప్పా తెలియదు. రెండు, నేల తీరును బట్టి పొలాన్ని పట్టీలుగా విడదీసి, ప్రతి పట్టీలో అన్ని రకాలూ ఉండేట్టు చూడాలి. మూడు, పట్టీలో ఏ రకం ఏ మడిలోకి పోవాలో మనిషి నిర్ణయించకూడదు. చీటీ నిర్ణయించాలి. వీటన్నిటితోపాటు రైతు పాత రకం కూడా పోటీలో ఉండాలి. అది లేని పోటీ పోటీయే కాదు.

మేము కాలువ దగ్గర ఒక పట్టీ, నడుమ ఒకటి, దూరంగా ఒకటి తీశాం. పట్టీకి నాలుగు మళ్ళు, మొత్తం 12. మడి 3 మీటర్లకు 2 మీటర్లు. వరసకు వరసకు 15 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10. లెక్క వేస్తే మడికి 400 మొక్కలు, అన్నిటికీ 4,800. రకాల పేర్లు తీసేసి అ, ఆ, ఇ, ఈ అని పెట్టాం. 'అ' మా అమ్మ నాటి గడ్డ. చీటీలు రాసి చెంబులో వేసి మనవరాలి చేత తీయించాం.

మొదటి పట్టీలోనే చిక్కొచ్చింది. 'అ'కు వేపచెట్టు నీడ పడే మడి వచ్చింది. తమ్ముడు ఒప్పుకోలేదు. "నా గడ్డను చెట్టు కింద తోస్తావా?" అన్నాడు. వాణ్ణి మళ్ళీ నొప్పించడం ఇష్టంలేక, "సరే, మార్చేద్దాం" అన్నాను. అప్పుడు మా మరదలు నడుముకు కొంగు దోపుకుంటూ, "చీటీ తీసినాక మార్చేదేంది బావా? ఇంగ చీటీ ఎందుకు తీసినట్లు?" అంది. ఆమె ఐదో తరగతి దాటలేదు. ఫిషర్ చెప్పింది ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. చీటీ ప్రకారమే నాటాం. తక్కిన రెండు పట్టీల్లో 'అ'కు మంచి మళ్ళే వచ్చాయి. మూడుచోట్ల వేయమనేది అందుకే.

తూకం రోజున గట్టు పక్క వరసలు వదిలేశాం. అంచు మొక్కకు గాలీ, చోటూ ఎక్కువ, అది అబద్ధం చెబుతుంది. పాత క్యాష్‌బుక్కు ఒకటి ఉంటే అందులో గళ్ళు కొట్టి రాశాను. మొదటి ఏడు తూకంలో 'ఆ' మొదటిది. పెద్ద గడ్డ, ఘాటు తక్కువ. 'అ' ఆఖరిది. తమ్ముడు ఏమీ అనలేదు గానీ మొహం వాడింది. మరదలు మాత్రం "ఇప్పుడే యాడ అయిపాయ?" అని, మడి మడి గడ్డలనూ కొట్టంలో బొంగుల తడికల మీద విడివిడిగా ఆరబోసింది.

జూన్ ఆఖరులో మళ్ళీ తూచాం. 'ఆ' గడ్డలు సగానికి పైగా కుళ్ళాయి, మొలకెత్తాయి. 'అ' గడ్డలు గోలీల్లా గట్టిగా ఉన్నాయి. అమ్మగలిగిన గడ్డల లెక్క తీస్తే వరస తలకిందులైంది. నీరూ తీపీ ఎక్కువగా కనిపించే గడ్డ తొందరగా పోతుంది. ఘాటు గడ్డ నిలబడుతుంది. మా అమ్మ ఆ విత్తనాన్ని ఎందుకు పట్టుకుని వేలాడిందో నాకు ఆ రోజు అర్థమైంది. ఆమె తూచింది మార్చిలో కాదు, ఆషాఢంలో.

ఘాటు సంగతి తేల్చడానికి మా దగ్గర ప్రయోగశాల లేదు. నాలుకలున్నాయి. ఫిషర్ పుస్తకంలో ఒక ముచ్చట ఉంది. టీలో పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెబుతానని ఒకావిడ అందట. ఎనిమిది కప్పులు, నాలుగు ఇట్లా, నాలుగు అట్లా కలిపి, వరస తెలియకుండా ఇచ్చి పరీక్షించమంటాడాయన. ఊరికే ఊహించి ఎనిమిదీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటే. మేము ఎనిమిది గిన్నెల్లో ముక్కలు పెట్టాం. 'అ' నాలుగు, 'ఆ' నాలుగు. కళ్ళు మూసుకుని తినాలి. మరదలు ఎనిమిదీ సరిగ్గా చెప్పింది. "నా గడ్డ నాకు తెలీదా" అన్న తమ్ముడు రెండు తప్పాడు. ఆ రోజు వాడు నవ్వాడు. నేను వింటుండగా వాడు అట్లా నవ్వి చాలా కాలమైంది.

ఒక్క ఏటితో తీర్పు ఇవ్వకూడదు గదా. 2015 నవంబరు మీకందరికీ గుర్తుంటుంది. మన జిల్లా, నెల్లూరు, కడప వానలకు అతలాకుతలమయ్యాయి. మా నారుమడి కొట్టుకుపోయింది. మళ్ళీ పోసి, ఆలస్యంగా నాటాం. ఆ ఏడు తూకంలోనే 'అ' పైకొచ్చింది. 2016లో ఈశాన్య రుతుపవనం మొహం చాటేసింది. బావి అడుగంటింది. తడులు సగానికి తగ్గాయి. ఆ ఏడు మొదటిది ఎవరనుకున్నారు? 'ఇ'. దాన్ని మేమెవరం పట్టించుకోలేదు. రెండేళ్ళూ నడుమనే ఉంది. మూడేళ్ళకు ముగ్గురు విజేతలు. వానకొక గడ్డ, ఎండకొక గడ్డ.

'ఆ', 'ఇ' ఏ రకాలో చెప్పమని మీలో కొందరు ఇప్పటికే మనసులో అడుగుతున్నారు. చెప్పను. నేను చెబితే రేపు ఎవరో ఒకరు ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోను చేసి "ఎకరానికీ అదే వెయ్" అంటారు. అది నేను 1996లోనే చేశాను.

మా తమ్ముడు చేసింది చెబుతాను. సగం నేల పాత గడ్డకే ఉంచాడు. పావు 'ఇ'కి ఇచ్చాడు. తక్కిన పావులో రాగి. 'ఆ' రకం మాత్రం ఏటా రెండు మళ్ళు వేస్తాడు. అది అమ్మకానికి కాదు, వదినకు. ఆ రెండు మళ్ళకూ జిప్సం వేసిన నేల తగలనీయడు. విడాలియా అంత చల్లగా ఉండదు. కానీ మా ఆవిడ పీకిన నెల నెలన్నర దాకా సంగటితో అది తినగలుగుతోంది.

ఘాటు గడ్డను చులకన చేయకూడదని 2020లో ఇంకోసారి తెలిసింది. ఆ సెప్టెంబరులో కేంద్రం ఎర్రగడ్డల ఎగుమతి నిలిపేసింది. అక్టోబరులో రెండింటికి మాత్రం సడలింపు ఇచ్చింది. ఒకటి బెంగళూరు రోజ్, రెండోది మన రాయలసీమ కృష్ణాపురం గడ్డ. ఒక్కొక్కటి 10,000 టన్నులు, చెన్నై రేవు నుంచి మాత్రమే. చిన్నది, ఘాటుదని ఇక్కడ మనం పక్కన పెట్టే గడ్డ కోసం సింగపూరు, మలేసియా, శ్రీలంకలో ఎదురుచూసేవాళ్ళున్నారు. మార్కెట్టు పత్రిక చదివి తమ్ముడు ఫోను చేశాడు. "అన్నా, మన గోలీకాయలకు ఓడ పెట్టినారంట!" అన్నాడు. 1996లో నేనన్న మాట వాడు మరిచిపోలేదు. కానీ ఇప్పుడు దాన్ని హాస్యంగా అనగలుగుతున్నాడు. నాకు అది చాలు.

మిత్రులారా, మనం పెన్షనర్లం. రోజూ ఎవరో ఒకరు వచ్చి, "నాకు బాగా పనిచేసింది, మీరూ వేసుకోండి" అని మందు చెబుతారు. "మా బావమరిదికి రెట్టింపైంది" అని చీటీ సంగతి చెబుతారు. మనం కూడా పిల్లలకు అట్లాగే సలహాలు ఇస్తాం. ఆ మూడు సెంట్లు నాకు నాలుగు ప్రశ్నలు నేర్పాయి. దేనితో పోల్చి చెబుతున్నారు? ఎన్నిసార్లు చూశారు? ఎంచింది చీటీనా, మన ఇష్టమా? తప్పితే పోయేది ఎవరిది? నాలుగోది నేను అందరికన్నా ఆలస్యంగా అడిగాను. నష్టం మనది కానప్పుడు సలహా మూడు సెంట్లు దాటకూడదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. చివరగా ఒక మనవి. మా తమ్ముడు నిన్న బస్సుకు రెండు సంచులు వేశాడు. భోజనాల దగ్గర రాగి సంగటి పక్కన రెండు పళ్ళాల్లో ముక్కలు కోయించి పెట్టించాను. ఏది 'అ', ఏది 'ఆ' అన్నది మా మరదలు తన చేత్తో చీటీ రాసి పళ్ళెం అడుగున అంటించింది. ముందు తిని, తరువాత చెప్పండి. చీటీ ముందుగా ఎత్తి చూడకండి. కడుపులో మంట ఉన్నవారు మాత్రం ముందు మా ఆవిడను అడగండి. ఆమెకు తెలుసు.